కొత్తపట్టి విడిదిలో నాలుగు పళ్ళేలు

కోయంబత్తూరు,
ఆగస్టు 4

కొత్తపట్టి (తిరుమంగళం తాలూకా) శ్రీ చెన్నకేశవన్ గారికి,

'చల్లనీడ పల్లె విడుదులు' సంస్థ, అతిథి సంతృప్తి విభాగం నుంచి శ్రీరంజని నమస్కారాలు.

మధురకూ పళనికీ వచ్చే ఆంధ్రా యాత్రికులకు తెలుగు మాట్లాడే పల్లె ఇళ్ళలో బస చూపించడం మా సంస్థ పని. మీ మేడమీది గదిని జాబితాలో చేర్చుకుని నెల కూడా కాలేదు, అప్పుడే ఫిర్యాదు వచ్చింది. విజయవాడ నుంచి భార్యతో, మరదలితో వచ్చి రెండు రోజులున్న అతిథి ఐదు స్టార్లకు రెండే ఇచ్చారు. ఆయన రాసింది ఉన్నదున్నట్టు పంపుతున్నాను:

"మంచినీళ్ళు ఇచ్చే ముందు ఇంటిపేరు అడిగారు. ఇచ్చాక మళ్ళీ అడిగారు. మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామని గదిలోకి వెళితే నల్లసామి అనే పెద్దమనిషి వచ్చి కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. ఆయన లేవగానే ఇంకొకాయన వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. మమ్మల్ని ఒంటరిగా వదిలేయండి బాబూ అన్నాను. పది నిమిషాల్లో ఇల్లంతా కట్టగట్టుకుని వచ్చి, ఏం తప్పు జరిగిందో చెప్పమని బతిమాలారు. మా మరదలి నక్షత్రం ఏమిటని ముగ్గురు వేర్వేరుగా అడిగారు."

మూడు ఫిర్యాదులు వచ్చిన ఇంటిని జాబితా నుంచి తీసేయడం మా నియమం. పది రోజుల్లో కాగితం మీద, సంతకంతో సంజాయిషీ పంపగలరు.

ఇట్లు,
మీ అతిథుల సంతృప్తే తన సంతృప్తిగా,
శ్రీరంజని

తా.క.: జ్యోతిషం మీరు అందించే వినోద కార్యక్రమమైతే జాబితాలో రాయాలి. అతిథులు కారెక్కేటప్పుడు ఒక పెద్దావిడ భోరున ఏడ్చారట. అది కూడా కార్యక్రమంలో భాగమేనా?


కొత్తపట్టి,
ఆగస్టు 9

చిరంజీవి శ్రీరంజనికి చెన్నకేశవన్ ఆశీర్వచనాలు. ఇక్కడ మేమూ పశువులూ క్షేమం. రెండు వానలు పడ్డాయి. మీ దిక్కున ఎలా ఉందో రాయవలెను.

నేను చెబుతుంటే మా అబ్బాయి ఈశ్వరన్ రాస్తున్నాడు. ఇంట్లో మాట తెలుగే గాని బడిలో మేం చదివింది తమిళం. వీడు మీ కంపెనీలో చేరడం కోసం ఫోనులో చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. తప్పులుంటే వాడివి, కోపం ఉంటే నాది.

అమ్మా, వచ్చినవాళ్ళను ఒక గదిలో పెట్టి తలుపు మూసి ఎవరి పాటికి వాళ్ళు పోవడం మా దగ్గర ఎప్పుడు చేస్తారో తెలుసా? పగ ఉన్నప్పుడు. మా బావ నల్లసామి ఎండలో పత్తి చేను వదిలి వచ్చి కూర్చున్నాడు. ఆయన మాటే రాయిస్తున్నాను: "ఊరికి వచ్చినోళ్ళను ఒంటిగా ఇడిస్తే, మనకీ వాళ్ళకీ ఏదో సండై అనుకుంటారు గదా!" మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు పోయింది. ఆయనకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

నక్షత్రం సంగతి దాచను. మాకు పదకొండు ఎకరాల నల్లరేగడి ఉంది. ఒక్కడే కొడుకు. వ్యవసాయంలో డిగ్రీ చదివాడు, తాగడు, ముప్పయ్యారు నిండాయి. పదహారు సంబంధాలు చూశాం. అబ్బాయి ఏం చేస్తాడు అంటారు. సేద్యం అంటాం. అవతలి వాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టేస్తారు. కొందరు సగం తాగి, కొందరు మూతి కూడా తడపకుండా. మేం ఊరూరా తిరిగి అవతలి ఇళ్ళలో చల్లారిన కాఫీలు చూసే బదులు, తెలుగువాళ్ళే మా ఇంటికి వచ్చి రెండు రోజులుండి ఇల్లు చూసి, వాడిని చూసి పోతే మంచిది కదా అనుకున్నాను. అందుకే మీ కంపెనీలో చేరాను. లేకపోతే మా మేడమీద మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళం.

జాబితాలోంచి తీయవద్దు తల్లీ. ఇది నాకు పదిహేడో దారి. పద్దెనిమిదో దారి లేదు.

మీ మేలు కోరే,
చెన్నకేశవన్

తా.క.: ఇది ఈశ్వరన్ రాస్తున్నది, నాయనకు తెలియదు. గది తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టించాను. ఇక మీదట అతిథులు పడుకుంటే మెట్ల మీద నేనే కూర్చుని పైకి ఎవరినీ పోనివ్వను. ఏడ్చింది మా అత్త పొన్నుత్తాయి. ఆమె సిలిండరు తెచ్చిన మనిషి వెళ్ళిపోయినా ఏడుస్తుంది. దానికి విడిగా రుసుము పెట్టకండి.


కోయంబత్తూరు,
ఆగస్టు 16

శ్రీ చెన్నకేశవన్ గారికి,

నమస్కారాలు. మీ సంజాయిషీ ఫైలులో పెట్టాం. నల్లసామి గారికి స్టార్లు ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు.

మీకు శిక్షణ చాలలేదని పై అధికారులు అభిప్రాయపడ్డారు. అందుకే 'బస, విశ్రాంతి, వినోదం: మొదటి పాఠాలు' అనే పుస్తకం పంపుతున్నాను. ముఖ్యమైన ముక్కలు ఇవి.

బస అంటే, వచ్చే తేదీ, వెళ్ళే తేదీ రెండూ ముందే రాసుకున్న నివాసం. వెళ్ళే తేదీ లేనిది బస కాదు.

విశ్రాంతి అంటే, ఏమీ చేయకుండా ఉండడానికి అతిథికి ఉన్న హక్కు. ఆ సమయంలో పలకరింపులు నిషేధం.

వినోదం అంటే, ఇంటి దగ్గర పనిమనిషి చేత చేయించుకునే పనిని ఊరు దాటి వచ్చి సరదాగా తానే చేసుకోవడం. కలుపు తీయడం, పేడ ఎత్తడం, నీళ్ళు మోయడం వంటివి మీరు ఉదారంగా అందించవచ్చు.

పుస్తకం చివర నియమాలున్నాయి. పద్నాలుగో నియమం ప్రకారం అతిథులతో పెళ్ళి సంబంధాల ప్రస్తావన తేకూడదు. ఏడో నియమం, అంటే సంప్రదాయ స్వాగతం, ప్రతి అతిథికీ తప్పనిసరి.

ఇట్లు,
పాఠాలు బాగా ఒంటబడతాయన్న నమ్మకంతో,
శ్రీరంజని

తా.క.: గడియ చాలా మంచి ఆలోచన. దాన్ని మా ప్రకటనలో 'మీ ఏకాంతానికి మా హామీ' అని వేశాం.


కొత్తపట్టి,
ఆగస్టు 22

చిరంజీవి శ్రీరంజనికి ఆశీస్సులు. పుస్తకం అందింది. మూడు పాఠాలూ ఈశ్వరన్ చేత చదివించుకుని విన్నాం. వినోదం పాఠం విని కలుపు తీసే ఆడవాళ్ళు నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డారు. ఇన్నేళ్ళుగా ఇంత వినోదం తాము ఒక్కళ్ళే అనుభవిస్తున్నట్టు వాళ్ళకు ఎవరూ చెప్పలేదట.

పద్నాలుగో నియమానికి తల ఒగ్గాను. నక్షత్రం అడగను. ఏడో నియమం దగ్గర మాత్రం మా బుర్ర ఆగిపోయింది. ఇంటి పెద్ద పళ్ళెంలో తాంబూలం, టెంకాయ, అరటిపళ్ళు, పూలు పెట్టి అతిథి కుటుంబం పెద్దకు ఇవ్వాలి అని ఉంది. కంపెనీ ఆ అతిథులకు ముందే ఇచ్చి పంపిన ఇంకో పళ్ళేన్ని ఆయన మాకు ఇవ్వాలి అని ఉంది. రెండు వైపులవాళ్ళూ నిలబడి ఫోటో దిగాలి అని ఉంది.

అమ్మా, దాన్ని మా వైపు పెళ్ళి నిశ్చయం అంటారు. తాంబూలాలు మారాక మాట తప్పితే ఊళ్ళో తలెత్తుకోలేం. మొన్న నెల్లూరు నుంచి ఇద్దరు రిటైరైన మాస్టర్లు వచ్చారు. వాళ్ళతో పళ్ళేలు ఎలా మార్చుకోను? మజ్జిగ ఇచ్చి, దణ్ణం పెట్టి ఊరుకున్నాను. పద్నాలుగో నియమం సంబంధం మాట ఎత్తవద్దంటుంది, ఏడోది ఏకంగా ఖాయం చేసేయమంటుంది. ఏది నిజమో సెలవివ్వగలవు.

అయోమయంలో ఉన్న,
చెన్నకేశవన్

తా.క. (ఈశ్వరన్): ఒకసారి సరిగ్గా చూసి రాయండి మేడమ్. మా నాయన ఒప్పుకున్నాడంటే అక్షరం దాటడు. అదే నా భయం.


కోయంబత్తూరు,
ఆగస్టు 26

శ్రీ చెన్నకేశవన్ గారికి,

నమస్కారాలు. నెల్లూరు మాస్టర్ల నుంచి ఫిర్యాదు వచ్చింది. ప్రకటనలో చూపిన పళ్ళెం తమకు ఇవ్వలేదని, వయసు మళ్ళినవాళ్ళమనే చులకనగా చూశారని రాశారు. ఇది రెండోది.

ఏడో నియమానికి మినహాయింపు లేదు. పెద్దలు, పిల్లలు, ఒంటరివాళ్ళు, జంటలు ఎవరైనా సరే పళ్ళేలు మారాలి, ఫోటో మాకు చేరాలి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నా చేతిలో ఏమీ ఉండదు.

ఇట్లు,
నియమానికి కట్టుబడిన,
శ్రీరంజని

తా.క.: ఫోటోలో అందరూ నవ్వుతూ ఉండాలి.


కొత్తపట్టి,
సెప్టెంబరు 20

చిరంజీవి శ్రీరంజనికి,

నీ మాట ప్రకారం నడుచుకున్నాను. నెల తిరిగేలోగా మా అబ్బాయికి నాలుగు నిశ్చయాలు అయ్యాయి. ఫోటోలు నీకు చేరాయి కదా, అన్నింటిలోనూ నవ్వుతూనే ఉన్నాం.

మొదటిది తెనాలి వాళ్ళు. వాళ్ళకు ఒకే అమ్మాయి. రెండో తరగతి చదువుతోంది.

రెండోది ఆ నెల్లూరు మాస్టర్లే. రామేశ్వరం వెళ్ళి తిరిగి వస్తూ, పళ్ళెం కోసమే మళ్ళీ దిగారు. వాళ్ళలో ఎవరికీ ఆడపిల్లలు లేరు. మరి మా వాడికి ఎవరితో ఖాయమైనట్టు? మా పొన్నుత్తాయి అక్కయ్య ఈ ప్రశ్నతో మూడు రోజులు అన్నం తినలేదు.

మూడోది కాకినాడ నుంచి వచ్చిన కొత్త దంపతులు. పళ్ళెం ఆ భర్త తన చేత్తోనే ఇచ్చాడు. భార్య పక్కనే నవ్వుతూ నిలబడింది. నేను ఆయన్ను పక్కకు పిలిచి, "నాయనా, మీకు తెలియక చేశారు, దయచేసి పళ్ళెం వెనక్కి తీసుకోండి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

నాలుగోది మీ కోయంబత్తూరు పక్క అన్నూరు వాళ్ళు, ఇంటిపేరు కావలివారు. మన దిక్కువాళ్ళే. మీనాక్షమ్మ దర్శనానికి వచ్చి, మధురలో ముహూర్తాల రోజు లాడ్జీలన్నీ నిండిపోతే మీ కంపెనీలో చూసి మా ఇంటికి వచ్చారు. తండ్రి రత్నసభాపతి, కూతురు ఆనంది. ఆ పిల్ల అక్కడ మగ్గాల షెడ్డులో యాభైమంది మీద పెత్తనం చేస్తుందట. ఇదేదో కలిసొచ్చే ఇల్లులా ఉంది అనిపించినా, పద్నాలుగో నియమం గుర్తొచ్చి నోరు కుట్టుకున్నాను. పళ్ళెం మార్చుకుని, ఫోటో దిగి, మూగవాళ్ళలా నిలబడ్డాం.

ఇప్పుడు ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? పదహారు ఇళ్ళు కాదన్న వాడికి ఒక్క నెలలో నాలుగు ఖాయమయ్యాయంటే ఆ ఇంట్లో ఏదో మోసం ఉందంటున్నారు. ఇంతకుముందు పిల్లనివ్వనివాళ్ళు వాడిని చూసి జాలిపడేవాళ్ళు. ఇప్పుడు భయపడుతున్నారు. నా కొడుకు పెళ్ళికి ఉన్న ఆ ఒక్క దారీ మీ పళ్ళేలతోనే మూసుకుపోయింది. ఇది రాయిస్తుంటే నాకు ఏడుపు వస్తోంది, వాడు మాటిమాటికీ రాయడం ఆపి ఆకాశం చూస్తున్నాడు.

నువ్వే రావాలి. నువ్వు మార్పించిన పళ్ళేలు నువ్వే విడిపించాలి.

చెన్నకేశవన్

తా.క. (ఈశ్వరన్): తెనాలి పాప మాత్రం పెళ్ళికి షరతు పెట్టింది. లేగదూడ తన గదిలోనే పడుకోవాలట. నాకైతే న్యాయంగానే తోచింది.


కోయంబత్తూరు,
సెప్టెంబరు 25

శ్రీ చెన్నకేశవన్ గారికి,

నమస్కారాలు. కాకినాడ అతిథి ఫిర్యాదు చేశారు. 'నా భార్యను తిరిగి తీసుకెళ్ళమని ఇంటి యజమాని నన్ను బతిమాలాడు' అన్నది దాని మొదటి వాక్యం. దీన్ని ఏ విభాగం కింద నమోదు చేయాలో మాకు తెలియలేదు. ప్రస్తుతానికి నా సొరుగులో ఉంచాను.

అక్టోబరు మూడున తనిఖీకి నేనే వస్తున్నాను. మామూలు అతిథిలా ఒక రాత్రి ఉంటాను.

ఇట్లు,
శ్రీరంజని

తా.క.: ఆ పుస్తకం రాసింది బెంగళూరు సలహాదారు. ఏడో నియమం ఎక్కడిదని ఫోను చేసి అడిగాను. ఎవరిదో ఆల్బంలో ఫోటో చూసి రాశారట. ఆల్బం దేనిదని అడిగితే, పెళ్ళిదన్నారు.


కొత్తపట్టి,
అక్టోబరు 8

మా ఇంటి ఆడపడుచు శ్రీరంజనికి, పెదనాయన చెన్నకేశవన్ ముద్దులు.

నువ్వు బస్సెక్కినప్పటి నుంచి ఇల్లు బోసిపోయింది. ఇప్పుడు ఒక నిజం ఒప్పుకుంటాను. నువ్వు తనిఖీకి వస్తున్నావని తెలియగానే నేను ఈశ్వరన్‌కు పట్టు చొక్కా తొడిగించాను. తెలుగు పిల్ల, ఉద్యోగం చేస్తోంది, మా సంగతంతా ఉత్తరాల్లో తెలుసు, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. నువ్వు మెడలో ఆ కార్డు వేలాడదీసుకుని గుమ్మం ఎక్కగానే పొన్నుత్తాయి మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది.

"ఏమ్మా, నువ్వు ఏ ఇంటిదానివి?"

"ఎర్రగుంట్లవారమండీ."

మేమూ ఎర్రగుంట్లవారమే. ఒకే ఇంటిపేరు, అంటే అన్నాచెల్లెళ్ళు. పొన్నుత్తాయి చెంబు అక్కడే పెట్టేసి "శరి, పోనీ. పిల్ల కాకపోతే ఆడపడుచు దొరికె" అని నిన్ను కౌగిలించుకుని ఏడ్చింది. వాడు లోపలికి పోయి పట్టు చొక్కా విప్పేసి, హాయిగా బనియనుతో వచ్చి నీ పక్కన కూర్చున్నాడు. వాడు అంత నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

నువ్వు పడుకుంటానని గదిలోకి వెళ్ళి, గడియ వేసుకుని, పది నిమిషాలకే తలుపు తీసి "మాట్లాడడానికి ఎవరూ రారా?" అన్నావు. నల్లసామి బావ ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుని మురిసిపోతున్నాడు. ఆయన గొంతు మళ్ళీ పోయింది.

ఇక పని సంగతి. మాలో మార్చుకున్న పళ్ళెం తిప్పి పంపాలంటే పెళ్ళికొడుకు చెల్లెలే తీసుకెళ్ళి ఇవ్వాలి. వేరే ఎవరు ఇచ్చినా చెల్లదు, అవమానం. మా ఇంట్లో ఆడపిల్ల లేదని ఇన్నాళ్ళూ కుమిలాను. ఇప్పుడు నువ్వున్నావు. పేర్లు రాసిన చీటీలు అతికించి నాలుగు పళ్ళేలూ నువ్వు బయలుదేరేటప్పుడే నీ సంచిలో పెట్టాను. నాలుగూ ఇచ్చేసి రా తల్లీ. నాలుగోది ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త మెల్లగా చెప్పు. ఆ ఇల్లు నాకు నచ్చింది. కాని నాలుగిట్లో ఒకటి ఉంచుకుని మూడు తిప్పి పంపితే, ఏరుకున్నాం అంటారు. మనం అలాంటివాళ్ళం కాదు.

ఆశీస్సులతో,
పెదనాయన

తా.క. (ఈశ్వరన్): చెల్లాయీ, అన్నూరు పళ్ళెం అందరికన్నా చివర ఇవ్వవా? తొందరేమీ లేదు.


అన్నూరు నుంచి తిరిగి వచ్చి రాస్తున్నాను,
అక్టోబరు 19

పెదనాయనకు మీ ఆడపడుచు శ్రీరంజని నమస్కారాలు. అత్తకు, నల్లసామి మామకు నా దణ్ణాలు.

నా సెలవులన్నీ మీ పళ్ళేలకే ఖర్చయ్యాయి. తెనాలి పాప పళ్ళెం తీసుకుని, దూడ ఏదని అడిగింది. దూడ రాదు అన్నాక పెళ్ళి తనే రద్దు చేసింది. నెల్లూరు మాస్టర్లు సంగతి విని పడీపడీ నవ్వి, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. పళ్ళెం మాత్రం ఇద్దరిలో ఎవరు ఉంచుకోవాలో తేలక నేనున్నంతసేపూ వాదించుకున్నారు. కాకినాడ ఆయన తలుపు సగమే తీశాడు. ఆయన భార్య వెనక నుంచి చెయ్యి చాపి పళ్ళెం తీసుకుని, "ఆ పెద్దాయనకు నా మీద కోపం లేదు కదా?" అని అడిగింది.

అన్న అడిగాడని అన్నూరు చివరికి పెట్టుకున్నాను. రత్నసభాపతి గారు కాఫీ ఇచ్చారు. మీరు చెప్పినట్టే మెల్లగా విషయమంతా చెప్పి పళ్ళెం ముందుకు జరిపాను. ఆయన కూతురి వైపు చూశారు. ఆనంది పళ్ళేన్ని చూసింది గాని ముట్టుకోలేదు. ఆవిడ మాటలు మగ్గాల చప్పుడులో అరిచి అరిచి అలవాటైన గొంతుతో ఇలా వచ్చాయి:

"మా యప్ప తెలియకనే ఇచ్చినాడు అనుకుంటివా? మా ఇంట్లో నిశ్చయానికి మార్చేది ఇట్లాగే గదా. పళ్ళెం ఇయ్యి యప్పా అని నేనే చెప్పితి. ఎవురన్నా ఏమన్నా అడుగుతారేమో అని రెండు దినాలు చూస్తి. ఒక్కరూ నోరు తెరవలా. ఆ మనిషి మెట్ల మీద కూర్చోని, నా దగ్గరికి ఎవురినీ రానీలేదు. నా నిద్రకు కావలి కాసినాడు. ఆయన్ని దాటి ఆయనే రాలేకపాయె!"

పెదనాయనా, నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నాళ్ళూ మీరు చూసిన గ్లాసులకూ దీనికీ తేడా ఉంది, ఇది పూర్తిగా తాగేసిన గ్లాసు. తర్వాత అక్కడే కూర్చుని, అచ్చం మన అత్తలాగే ఏడ్చాను. పళ్ళెం వాళ్ళ దేవుడి గూట్లోనే ఉంది. మనం ఏరుకోలేదు. ఆ పిల్లే ఏరుకుంది.

రత్నసభాపతి గారికి ఒకటే బెంగ, కూతురు ఉద్యోగం మానేయాలేమోనని. ఆనందికి ఆ బెంగ లేదు. తిరుమంగళంలో నాలుగు మగ్గాలు వేసి మన చేని పత్తితోనే మొదలుపెడతానంటోంది. అన్న డిగ్రీ ఏమిటో కూడా అడిగింది. సేద్యం అంటే భయపడని మనిషి ఉందని మీరు నమ్మడానికి కాస్త సమయం పట్టవచ్చు.

ఇక ఆఫీసు సంగతి. ఆనంది మీ ఇంటికి మళ్ళీ వస్తానని మా ఫారం నింపి నా చేతికిచ్చింది. వచ్చే తేదీ, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో మీరు పెట్టే ముహూర్తం అని రాసింది. వెళ్ళే తేదీ దగ్గర అడ్డంగా గీత కొట్టింది. వెళ్ళే తేదీ లేనిది బస కాదని మా పుస్తకంలోనే ఉంది. కాబట్టి నియమాలను అనుసరించి, ఎంతో సంతోషంతో, మీ ఇంటిని ఈ రోజు నుంచి మా జాబితా నుంచి తీసేస్తున్నాను. మేడమీద మళ్ళీ మిరపకాయలు ఆరబోసుకోవచ్చు.

ఇట్లు,
పెళ్ళిలో ఆడపడుచు లాంఛనాలు ఒక్కటీ వదలని,
శ్రీరంజని

తా.క.: గడియ మాత్రం తీయించకండి. వదిన అడిగి మరీ చెప్పమంది.